డ్రెయిన్ నీళ్ళకి లెక్క రాసేవాళ్ళు కావాలి

మా ల్యాబుకి వచ్చే నీళ్ళ సీసాలన్నీ చేపల, రొయ్యల చెరువుల నుంచి వచ్చేవే. భీమవరం చుట్టుపక్కల ఏ ఆక్వా ల్యాబులో అడిగినా ఇదే చెబుతారు. తెల్లారేసరికి మోటారు సైకిళ్ళ మీద సంచుల్లో సీసాలు దిగుతాయి. వాటి మీద స్కెచ్ పెన్నుతో రైతు పేరు, చెరువు నంబరు రాసి ఉంటాయి. పీహెచ్, సాలినిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా, డీవో చూసి కాగితం రాసి ఇస్తాం. పన్నెండేళ్ళు ఆ పని చేశాను. అన్నేళ్ళలో చెరువుది కాని నీళ్ళు పట్టుకుని వచ్చింది ఒక్కరే.

ఆయన మా ఊరి డ్రెయిన్‌లో, అంటే పొలాల మురుగు నీరు పోయే కాలువలో, వల వేసుకుని బతికే పెద్దాయన. ఊరి వరసన బాబాయి అని పిలుస్తాను. నాలుగేళ్ళ క్రితం ఏప్రిల్‌లో, వేసవికని సాగునీటి కాలువలు కట్టేసి నీళ్ళు ఆపిన వారం పది రోజులకి, కూల్‌డ్రింకు సీసాలో నల్లటి నీళ్ళు నింపుకుని వచ్చాడు. "ఇందులో ఏముందో చూసి చెప్పమ్మాయ్. రాత్రికి రాత్రి పరిగెలు, జెల్లలు అన్నీ తెల్లగా తేలిపోయాయి. కొర్రమీను ఒక్కటే బతికుంది" అన్నాడు. రిపోర్టుకి ఎంతవుతుందని అడిగి జేబులో చెయ్యి పెట్టాడు.

డీవో అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్. గాలి తగిలి, కుదుపులు పడి వచ్చిన నీళ్ళకి అది చూసి లాభం లేదు. నీళ్ళ దగ్గరే చూడాలి. ఆ మాటే చెప్పి, మర్నాడు తెల్లవారుజామున కిట్టు తీసుకుని డ్రెయిన్ గట్టుకి వెళ్ళాను. గాజు సీసాని బుడగ లేకుండా నీళ్ళతో నింపి రెండు రకాల మందు చుక్కలు వేస్తే అడుగుకి మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ ఉంటే మడ్డి గోధుమ రంగులో ఉంటుంది, ఎక్కువ ఉన్నకొద్దీ ముదురుతుంది. అసలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆ రోజు మడ్డి సున్నంలా తెల్లగా దిగింది. చెరువు నీళ్ళలో అంత తెల్లటి మడ్డి నేనెప్పుడూ చూడలేదు. అక్కడిదాకా వస్తే రైతు మునిగిపోయినట్టే, అందుకని ఎవరూ రానివ్వరు.

బాబాయి టార్చి వేసి ఆ సీసా చూశాడు. "నీళ్ళలో గాలి లేదనే కదా?" అన్నాడు. కొర్రమీను పైకొచ్చి గాలి గుటకేసి మళ్ళీ కిందకి పోతుంది. పరిగెకి ఆ వీలు లేదు. కొర్రమీను బతికి పరిగె చచ్చిందంటే చంపింది విషం కాదు, ఊపిరాడక పోయాయి అని ఆయన ముందురోజే తేల్చుకున్నాడు. మరి ల్యాబుదాకా ఎందుకొచ్చావు బాబాయ్ అని అడిగాను. "నేను చెబితే ఎవరు వింటారమ్మాయ్? కాగితం ఉంటే వింటారు."

ఆ కాగితం గురించే ఈ వ్యాసం.

డెల్టా నేల చాప పరిచినట్టు ఉంటుందనుకుంటారు చూసినవాళ్ళు. అయినా మెరకా పల్లమూ ఉన్నాయి, ఒక్కోచోట తేడా జానెడే. ధవళేశ్వరం నుంచి వచ్చే సాగునీటి కాలువలు మెరక మీద నడుస్తాయి. అప్పుడే రెండు వైపులా పొలాలకి నీరు దిగుతుంది. పొలంలో మిగిలిన నీరు, వాన నీరు, ఊళ్ళో వాడిన నీరు పల్లానికి జారి డ్రెయిన్లలో పడుతుంది. చిన్న డ్రెయిన్లు పెద్ద డ్రెయిన్లలో కలిసి గొంతేరులోనో, యనమదుర్రులోనో, ఉప్పుటేరులోనో చేరి సముద్రానికి పోతాయి. వీటిలో చాలా వాటికి పాత ఏరులూ పాయలే దారి. తర్వాత లోతు చేసి, కట్టలు పోసి డ్రెయిన్ అన్నారు. ఎర్రకాలువని చూడండి, మెట్టలో పుట్టి, నందమూరు అక్విడెక్టు దాటాక యనమదుర్రు అయి, భీమవరం మధ్యలోంచి పోతుంది. మెట్టలో గట్టి వాన పడితే తాడేపల్లిగూడెం వైపు చేలు మునుగుతాయి. ఒక డ్రెయిన్‌లోకి నీరు దిగే నేలంతా ఒక కుటుంబం లాంటిది. దానికి ఊరి పొలిమేరలు, మండలాల హద్దులు తెలియవు.

కాలువకి దిక్కుంది. 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. లాకులున్నాయి, కాలువ కాపలా చూసే లస్కర్లున్నారు, 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలున్నాయి. శివారుకి నీరందకపోతే రైతులు రోడ్డెక్కుతారు, ఇంజనీర్లు వస్తారు. డ్రెయిన్‌కి వేసవిలో పూడికతీత, గుర్రపుడెక్క తీసే టెండరు తప్ప ఇంకేం ఉందో నాకు కనపడదు. అలాగని డ్రెయిన్ చిన్న విషయం కాదు. 1960ల్లోనే డెల్టా మురుగు సమస్య మీద మిత్రా కమిటీ వేయాల్సి వచ్చింది. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వాళ్ళు చెప్పిన కారణాల్లో ముంపు కూడా ఒకటి. వరి కంకి దాకా పెంచి నీళ్ళలో కుళ్ళబెట్టుకోవడం ఎన్నిసార్లని అడిగారు.

గోదావరికి వరద వస్తే మా ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా అంకెలు చెబుతారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అయితే 43, 48, 53. ఆ అంకె టీవీలో కిందినుంచి పాకుతుంటే లంకల్లో వాళ్ళు సామాన్లు సర్దుకుంటారు, పడవలు కదులుతాయి, కలెక్టర్లు నిద్ర మానుకుంటారు. ఏటికి అంకె ఉంది కాబట్టి ఏటి మాట అందరికీ వినపడుతుంది. మా డ్రెయిన్‌లో ఆక్సిజన్ సున్నాకి వచ్చిన రోజు ఏ అంకె ఎక్కడా పాకలేదు. చేపలు తేలాయి, కాకులు తిన్నాయి, రెండు రోజులు వాసన కొట్టింది, తర్వాత గుర్రపుడెక్క కమ్ముకుంది.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటుంది. నీళ్ళు పరీక్ష చేయడం తెలిసిన మనుషులు మన దేశంలో ఎక్కడైనా గుంపుగా ఉన్నారంటే అది ఈ డెల్టాలోనే. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక రొయ్యల సాగు ఎలా పెరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పదో తరగతి తప్పిన కుర్రాడు కూడా చెరువు గట్టు మీద నిలబడి డీవో ఎంతో, అమ్మోనియా ఎంతుంటే ప్రమాదమో చెబుతాడు. రాత్రి రెండింటికి లేచి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూస్తాడు. చెరువులో డీవో 4 కంటే తగ్గితే టెన్షన్‌తో ఫోన్లు మోగుతాయి. ఆ చెరువు గట్టుకి అవతల పది అడుగుల్లో డ్రెయిన్ ఉంటుంది. ఆ నీళ్ళనే మోటారు పెట్టి చెరువులోకి తోడతారు, రొయ్యలు పట్టే రోజు, అంటే పట్టుబడి రోజు, ఆ డ్రెయిన్‌లోకే చెరువు వదిలేస్తారు. అందులో డీవో ఎంతో ఎవరూ చూడరు. కిట్టు ఉంది, చేయి ఉంది, తెలివి ఉంది. గట్టుకి ఇటువైపు తిరిగితే చాలు. తిరగడం లేదు.

మేం తిరిగాం. మొదట నలుగురం. బాబాయి, నేను, హైస్కూల్లో సైన్స్ చెప్పే మాస్టారు, శివారులో రెండెకరాలు కౌలు చేసే ఒక వదిన. ఆ వదిన వచ్చింది చేప మీద ప్రేమతో కాదు. దాళ్వాలో (రబీ వరికి) కాలువ నీరు ఆమె చేనుదాకా రాదు. ఇంజన్ పెట్టి డ్రెయిన్‌లోంచి తోడుకుంటుంది. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటే ఊడ్చిన నారు చివర్లు మాడిపోతాయి. డ్రెయిన్ నీళ్ళు పనికిరాని మురుగే కదా అనేవాళ్ళకి నేను ఆమెనే చూపిస్తాను. శివారు రైతుకి అదే సాగునీరు.

డ్రెయిన్ వెంట ఐదు చోట్లు పెట్టుకున్నాం. మా ఊళ్ళోకి రాకముందు పై ఊరి వంతెన. మా ఊరి మురుగు కలిసే చోటు దాటాక తూము. రైస్ మిల్లు దిగువన. చెరువులు వరసగా ఉన్న గట్టు చివర. ఆఖరిది సముద్రపు పోటు వెనక్కి ఎక్కకుండా కట్టిన లాకు. ప్రతి చోటా ఐదు సంగతులు రాస్తాం: డీవో, పీహెచ్, పెన్నులాంటి మీటరుతో ఉప్పు, నీళ్ళ రంగూ వాసనా, ఆ రోజు బాబాయి వలలో ఏం పడింది. ఐదోది మాస్టారు చేర్చమన్నారు. మొదట్లో నాకది ల్యాబు పద్ధతిలా అనిపించలేదు. ఇప్పుడు ఆ కాలమే ముందు చదువుతాను. మీటరు ఆ నిమిషం సంగతి చెబుతుంది, వల గడిచిన వారం సంగతి చెబుతుంది.

వేళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. నీళ్ళలో నాచు పగలంతా ఎండకి ఆక్సిజన్ చేస్తుంది, రాత్రంతా నాచూ చేపా పురుగూ బురదా కలిసి దాన్ని తినేస్తాయి. కాబట్టి డీవో అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారే ముందు, ఎక్కువగా ఉండేది మధ్యాహ్నం రెండు మూడు గంటలకి. ఒకే చోట, ఒకే రోజు, ఈ రెండు వేళల్లో చూస్తే రెండు వేరే ఏరుల్ని చూసినట్టుంటుంది. ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూసేది పగలు పదకొండింటికి. అప్పటికి పచ్చటి నీళ్ళు బాగా తేరుకుని ఉంటాయి. చేపలు బతకాలంటే లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకున్న కొలత ఉంది. పగటిపూట అది దాటి ఉందని రాసుకుని వెళ్ళడంలో ఆ ఉద్యోగి అబద్ధం ఆడలేదు, వేళ అబద్ధం ఆడింది. నాలుగున్నరకి గట్టు మీద నిలబడటం ఆ ఊళ్ళో ఉండేవాళ్ళకే కుదురుతుంది. ఊరివాళ్ళే లెక్క రాయాలని నేను పట్టుబట్టేది అందుకే.

సరే, తప్పు కూడా చెబుతాను. మొదటి ఏడాది గడిచి, మళ్ళీ జనవరిలో దాళ్వా ఊడ్పుల వేళ. నాలుగో చోటా ఐదో చోటా ఉప్పు మీటరు పెరిగిపోయింది. వదిన చేలో నారు ఎర్రబడింది. వరి ఉప్పుకి ఓర్చుకునే పంట కాదు, నేల ఊటలో ఈసీ (ఉప్పుని చెప్పే కొలత) 3 దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. నాలుగో చోటికి ఎగువనే ఒకాయన కొత్తగా ఉప్పుబోరు వేసి రొయ్యల చెరువు పెట్టాడు. ఇంకేం ఆలోచించలేదు. ఆయన వదిలిన నీళ్ళే అనుకున్నాం, అర్జీ రాసి ఆయన పేరు పెట్టాం.

ఆయన సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. వాకిట్లో నిలబడి, "నేను వదలడం మీరు చూశారాండీ?" అని అడిగాడు. చూడలేదన్నాను. "నా చెరువు వేసి నలభై రోజులేనండి. పట్టుబడికి ఇంకా రెండు నెలలుంది. ఇప్పుడు నీళ్ళెందుకు వదులుతానండి?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఆ రాత్రి నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చెరువు నుంచి ఉప్పు వస్తుంటే నాలుగో చోట ఎక్కువ ఉండి, ఐదో చోటికి వచ్చేసరికి కలిసిపోయి తగ్గాలి. మా లెక్కలో ప్రతిసారీ ఐదో చోటే ఎక్కువ. తేదీల పక్కన మాస్టారు తిథులు రాసి పెట్టారు. ఉప్పు పెరిగిన రోజులన్నీ అమావాస్యకో, పౌర్ణమికో రెండు మూడు రోజులు ఇటూ అటూ. పెద్ద పోటు రోజులు. ఉప్పు పైనుంచి రావడం లేదు, కిందనుంచి వస్తోంది. పొద్దున్నే లాకు దగ్గరికి వెళ్ళి చూస్తే తలుపుల్లో రెండు అడుగుభాగం తుప్పు పట్టి తినేసి ఉన్నాయి. పోటుకి సముద్రపు నీరు ఆ కన్నాల్లోంచి తన్నుకుని పైకి ఎక్కుతోంది. బాబాయి అది చూసి, "మొన్న నా వలలో ఉప్పునీటి చేప పడిందని రాయించాను కదమ్మాయ్" అన్నాడు. రాయించాడు. ఐదో కాలంలో ఉంది. నేనే చదవలేదు.

మేం నలుగురం వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాం, అర్జీ వెనక్కి తీసుకున్నాం. నాకు చాలా సిగ్గుగా అనిపించింది. కానీ ఆ పుస్తకం లేకపోయి ఉంటే ఊరు రెండుగా చీలి ఉండేది. వరి వాళ్ళు ఒకవైపు, చెరువుల వాళ్ళు ఒకవైపు అయ్యి, అసలు తప్పు లాకు తలుపు దగ్గరే ఉండిపోయేది. పోటు నీటితో జరిగే నష్టం ఊహ కాదు. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎక్కి కొబ్బరిచెట్లు తలలు వాల్చేసి మోడులైపోయాయి. కాయలతో నిండిన తోటని అలా చూసిన రైతు బాధ మాటల్లో చెప్పేది కాదు. అక్కడ ఎకరాలకి ఎకరాలు ఎండాక ఆ డ్రెయిన్ పేరు అందరికీ తెలిసింది. చెట్టు ఎండడానికి చాలా ముందు నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది. జేబులో పట్టే మీటరు ఆ సంగతి ముందే చెప్పగలదు, ఎవరైనా దాన్ని నీళ్ళలో పెడితే.

మీరెందుకు చేయాలి, అది ప్రభుత్వం పని కదా అని నన్ను ఎక్కువమంది అడిగారు. ప్రభుత్వం పనే. నీటి కాలుష్య నివారణ చట్టం 1974 నుంచీ ఉంది. అందులో ఏరంటే నదులే కాదు, నీరు పారే ఏ దారైనా, ఎండిపోయి ఉన్నదైనా, పోటు నీరు ఎక్కేదైనా ఏరు కిందే లెక్క. అంటే మా డ్రెయిన్ కూడా ఆ చట్టం కిందకి వస్తుంది. అందులో కలుషితాలు వదలకూడదని 24వ సెక్షన్ చెబుతుంది. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కోర్టులో సాక్ష్యంగా నిలబడే శాంపిల్ మనం పట్టింది కాదు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి 21వ సెక్షన్‌లో చెప్పిన పద్ధతి ప్రకారం, నోటీసు ఇచ్చి, సీసాలకి సీలు వేసి పట్టుకోవాలి. ఈ మాట విని మా మాస్టారు మొదట నీరుగారిపోయారు. మరి మనం రాసేదెందుకు అన్నారు. అధికారి ఎప్పుడు రావాలో, ఏ చోటికి రావాలో, ఏ వేళకి రావాలో చెప్పడానికి. "డ్రెయిన్ పాడైపోయిందండి, చూడండి" అనే అర్జీ బల్ల మీద పడి ఉంటుంది. "మూడో చోట, రైస్ మిల్లు దిగువన, తెల్లవారుజామున ఐదులోపు, వరసగా తొమ్మిది వారాలు మడ్డి తెల్లగానే దిగింది, తేదీలు ఇవిగో" అన్న అర్జీని పక్కన పడేయడం కష్టం. పట్టించుకోకపోతే 49వ సెక్షన్ ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టుకి వెళ్ళొచ్చు. చెన్నైలో గ్రీన్ ట్రిబ్యునల్ బెంచి ఉంది. ఇంతవరకూ మేం అంతదూరం వెళ్ళలేదు, వెళ్ళాల్సి వస్తే మాత్రం ఖాళీ చేతులతో వెళ్ళం.

శ్రమదానం చేస్తున్నారు కదా, అది చాలదా అంటారు ఇంకొందరు. ఆదివారం కుర్రాళ్ళు దిగి గుర్రపుడెక్క లాగేస్తే చూడ్డానికి బాగుంటుంది. నేనూ దిగాను, మోకాళ్ళ దాకా బురదలో. కానీ గుర్రపుడెక్క జబ్బు కాదు, జ్వరం. నీళ్ళలో నత్రజని, భాస్వరం ఉన్నంతకాలం అది రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. ఆ రెండూ చేలోని ఎరువుల నుంచీ, చెరువుల్లో మిగిలిన మేత నుంచీ, మన ఇళ్ళ మరుగుదొడ్ల నుంచీ వస్తాయి. మా రెండో చోట ఊరి మురుగు కలిశాక డీవో అంకె ఎలా పడిపోతుందో పంచాయతీ సమావేశంలో చదివినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. అప్పటిదాకా అందరి వేలూ చెరువుల వైపే చూపించేది.

చెరువుల వాళ్ళ గురించి నేను గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. వాళ్ళ కూడు తినే నేనూ పన్నెండేళ్ళు బతికాను. పట్టుబడి రోజు చెరువు అడుగున ఉన్న నల్ల బురద నీళ్ళు రాత్రికి రాత్రి డ్రెయిన్‌లోకి వదిలేయడం తప్పు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక డ్రెయిన్‌లో పారే నీరు ఉండదు, వదిలింది వదిలినట్టు అక్కడే నిలుస్తుంది. జూన్‌లో కాలువలు వదిలాక మొదటి నీరు ఆ బురదనంతా కలిపేసి దిగువకి తోస్తుంది. పైన వదిలినాయన నీళ్ళలో వైట్ స్పాట్ వైరస్ ఉంటే, దిగువన మోటారు వేసి తోడుకున్నాయన చెరువులోకి అది నడిచి వస్తుంది. 1990ల్లో టైగర్ రొయ్యని ఆ జబ్బే తుడిచిపెట్టింది. ఆ రోజుల్లో పొలాలు, బంగారం అమ్ముకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఒకరు వదిలిన నీరే ఇంకొకరు పెట్టుకునే నీరు అయినప్పుడు డ్రెయిన్‌ని కొలవడం రొయ్యల రైతుకి వ్యతిరేకం ఎలా అవుతుంది? వదిలే ముందు నీటిని వేరే గుంటలో నిలవబెట్టి బురద దిగనిచ్చి వదలమంటున్నాం. జబ్బు వచ్చిన చెరువైతే బ్లీచింగ్ వేసి, రోజులు ఆగి వదలమంటున్నాం. పట్టుబడి తేదీ ముందు చెప్పమంటున్నాం. దిగువ వాళ్ళు ఆ మూడు నాలుగు రోజులు మోటారు వేయకుండా ఆగుతారు. వీటిలో ఏదీ రైతు నెత్తిన బండ పెట్టేది కాదు.

కొలవకుండా కొట్లాటకి దిగితే ఎంత కష్టమో మన జిల్లాలోనే చూశాం. భీమవరం మండలం తుందుర్రు దగ్గర ఆక్వా ఫుడ్ పార్కు కడుతున్నప్పుడు గొంతేరు పాడైపోతుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 144 సెక్షన్లు, కేసులు, అరెస్టులు చూశారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద కూర్చున్నారు. వ్యర్థ జలాలని పైపులైను వేసి సముద్రంలో కలుపుతామని చివరికి ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ భయం నిజమైనదే. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో వ్యర్థ జలాల ట్యాంకులోకి శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు విషవాయువుకి చనిపోయారు. కుర్రవాళ్ళు. ఆ వార్త విన్న రోజు ల్యాబులో ఎవరమూ అన్నం తినలేదు. అలాంటి ట్యాంకుల్లో తయారయ్యే వాయువే, కొంచెం పలచగా, ఆక్సిజన్ లేని ప్రతి డ్రెయిన్ అడుగునా తయారవుతూ ఉంటుంది. ఆ కుళ్ళిన గుడ్ల వాసన మనకి అలవాటైపోయింది. ఫ్యాక్టరీ రాకముందు గొంతేరు నీళ్ళు ఎలా ఉండేవో ఊరివాళ్ళ చేతిలో నాలుగేళ్ళ లెక్క ఉండి ఉంటే, తర్వాత ఏం మారిందో ఎవరూ కాదనలేని విధంగా చూపించేవాళ్ళు. ఆ పోరాటాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ళ చేతిలో ఒక ఆయుధం తక్కువైందని బాధపడి అంటున్నాను. నాలాంటి ల్యాబు వాళ్ళు అప్పుడు ఎందరో ఉన్నాం, ఒక్క సీసా పట్టలేదు.

మా కిట్టు పట్టుకోలేనివి చాలా ఉన్నాయి. పురుగుమందులు చూడలేదు, యాంటీబయాటిక్స్ చూడలేదు, సూక్ష్మజీవులు చూడాలంటే పెద్ద ల్యాబు కావాలి. వాటికి డబ్బులు కావాలి, మా దగ్గర లేవు. ఉన్న వాటితో మొదలుపెట్టాం. యాసిడ్ సీసా పిల్లల చేతికి ఇవ్వం, అది నేనో మాస్టారో వేస్తాం. రంగు చూసి రాయడం మాత్రం ఎనిమిదో తరగతి పిల్లలు మాకంటే శ్రద్ధగా చేస్తున్నారు.

లాకు తలుపుల సంగతి ఇంకా తేలలేదు. తిథులతో సహా లెక్క పట్టుకుని వెళ్ళాక ఇంజనీరు గారు స్వయంగా వచ్చి చూశారు, ఎస్టిమేటు వేశారు. ఈసారి కాలువలకి నీళ్ళు ఆపినప్పుడే పని అవుతుందన్నారు. ఈలోగా పెద్ద పోటు రోజుల్లో ఇసుక బస్తాలు అడ్డం పెడుతున్నాం. మేం అర్జీ పెట్టిన ఆ చెరువు రైతే ట్రాక్టరు పంపిస్తున్నాడు. మొన్న పట్టుబడికి వారం ముందు నాకు ఫోన్ చేసి, "సోమవారం వదులుతున్నానండి, వదిన గారికి చెప్పండి" అన్నాడు. ఆమె సోమవారం నుంచి గురువారం దాకా ఇంజన్ వేయలేదు.

ఒక్కటే మాకు అంతు పట్టడం లేదు. మా మొదటి చోటు పై ఊరి వంతెన. అక్కడికి వచ్చేసరికే కొన్ని వారాల్లో మడ్డి లేత రంగులో దిగుతోంది. దానికి పైన ఎనిమిది ఊళ్ళున్నాయి. మా లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఆ ఊళ్ళవాళ్ళు ఇది చదువుతుంటే, మీ చెరువు గట్టు మీద కిట్టు ఎలాగూ ఉంటుంది. రేపు తెల్లవారుజామున ఒక సీసా డ్రెయిన్ వైపు ముంచండి, తేదీ వేసి రాయండి. పద్ధతి నేర్పడానికి మేం వస్తాం. బాబాయి అయితే ఏ రోజైనా సిద్ధం, ఆయనకి ఎలాగూ నాలుగింటికే మెలకువ వస్తుంది.